ఉమ్మడి ఫోల్డరు తెరచుకొననిచో

ఒకే కార్యాలయమున, ఒకే రూటరునకు ముడివడి, లెక్కలు వ్రాయు కంప్యూటరు విండోస్‌తోను, ముద్రణకు పుటలు కూర్చు కంప్యూటరు మ్యాక్‌తోను, అందరి ఫైళ్లను భద్రపరచు సర్వరు లినక్స్‌తోను నడచుచుండుట నేడు సర్వసాధారణమైన విషయము. అట్టిచోట ఒక యుదయమున ఉమ్మడి ఫోల్డరు తెరచుకొనకపోయినచో, పిలువగా వచ్చిన నిపుణుడు కారణ మన్వేషింపక, ముందుగా ఫైర్‌వాల్ ఆపివేసి, పిమ్మట ఆ ఫోల్డరుపై ‘ఎవ్రీవన్’ అను పేర సర్వాధికారములను సర్వులకు నొసగి, అప్పటికిని ఫలితము కానరానిచో విండోస్ ఫీచర్ల పట్టికయందు ఎస్‌.ఎం.బి. 1.0 అను గడికి టిక్కు పెట్టి, యంత్రమును రీస్టార్టు చేసి, ఫోల్డరు తెరచుకొనగానే సెలవు పుచ్చుకొనుచున్నాడు. ఈ మూడింటిలో పనిచేసిన దేదియో ఆతడెరుగడు. తక్కిన రెండింటిని పూర్వస్థితికి తెచ్చుటయు లేదు. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకొన్నవాని చర్యకును దీనికిని భేదము లేదనియు, ఈ యలవాటును మన కార్యాలయములు, కళాశాలలు ఇకనైన విడనాడవలెననియు నా దృఢమైన అభిప్రాయము.

భిన్నజాతుల యంత్రములు ఫైళ్లు పంచుకొనుట యెంత శ్రమఫలమో తలచినచో ఈ యజాగ్రత్త మరింత బాధ కలిగించును. 1980 దశకపు తొలినాళ్లలో ఐ.బి.ఎం. సంస్థయందు బారీ ఫైగన్‌బామ్ రూపొందించిన ఎస్‌.ఎం.బి. అను విధానమును మైక్రోసాఫ్ట్ స్వీకరించి, విస్తరించి, తన యంత్రముల నడుమ ఫైళ్ల రాకపోకలకు సాధనముగా చేసికొన్నది. యూనిక్స్ లోకమునకు 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌.ఎఫ్‌.ఎస్‌. అను వేరొక మార్గము నేర్పరచినది. రెండు లోకములును పక్కపక్కనే యుండియు ఒండొంటి మాట వినలేని ఆ కాలమున, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా నున్న ఆండ్రూ ట్రిడ్జెల్, నియమావళి చేత లేకయే, తీగపై పోవు సందేశములను గమనించి, వాని క్రమమును ఊహించి, 1991 చివర తన యూనిక్స్ యంత్రముచే ఆ భాషను పలికించెను. సాంబా అని నేడు ప్రపంచ మెరిగిన సాఫ్ట్‌వేరునకు అదియే మూలము. ఊహించి వ్రాయుటకు ఒక హద్దు కలదు గదా! యూరోపియన్ కమిషన్ 2004 మార్చిలో మైక్రోసాఫ్టునకు 49.7 కోట్ల యూరోల జరిమానా విధించి, ఇతరుల సర్వర్లు విండోస్‌తో కలిసి పనిచేయుటకు వలయు సమాచారమును వెల్లడింపుమని ఆదేశించినది. 2007 సెప్టెంబరున న్యాయస్థానము దానిని సమర్థించినది. అదే యేడు డిసెంబరున సాంబా బృందమునకు ఆ పత్రములు లభించినవి. ఇన్ని సంవత్సరముల కృషివలన నియమములు బహిరంగమైనవి కనుకనే, నేడు ఒక ఫోల్డరు తెరచుకొనకపోయినచో, ఎచ్చట ఆగినదో తెలిసికొనుట సాధ్యమగుచున్నది. సాధ్యమైన దానిని చేయకుండుటయే నా యభ్యంతరము.

ఆగిన చోటును యంత్రమే చాలవరకు చెప్పును. ‘నెట్‌వర్కు మార్గము కానరాలేదు’ అనుట వేరు, ‘ప్రవేశము నిరాకరింపబడినది’ అనుట వేరు. మొదటిది దారికి సంబంధించినది, రెండవది అధికారమునకు సంబంధించినది. మొదటి దానికి అనుమతులు మార్చుటయు, రెండవ దానికి ఫైర్‌వాల్ ఆపుటయు నిష్ప్రయోజనము. దారి సందేహమైనచో సర్వరును పేరుతో గాక ఐ.పి. అడ్రసుతో పిలిచి చూడవలెను. అట్లు పలికినచో లోపము పేరులోనిదే. పలుకనిచో 445వ పోర్టు మూసియున్నదేమో, విండోస్ తానున్న నెట్‌వర్కును ‘పబ్లిక్’ అని యెంచి తలుపు బిగించినదేమో విచారింపవలెను; దానిని ‘ప్రైవేట్’గా మార్చినంతనే తీరు సమస్యకు ఫైర్‌వాల్‌నంతను ఆపుట యేల?

ఇక్కడ పెక్కుమందిని తప్పుదారి పట్టించు విషయ మొకటి కలదు. విండోస్‌లోని ‘నెట్‌వర్క్’ కిటికీలో లినక్స్ సర్వరు పేరు కానరాకపోగానే సంబంధము తెగినదని భావింతురు. పూర్వము ఆ జాబితాను సమకూర్చుచుండిన యేర్పాటు ఎస్‌.ఎం.బి. మొదటి సంచికపై ఆధారపడియుండెడిది. 2017 చివరినుండి క్రొత్త విండోస్‌లలో ఆ సంచిక తొలగిపోగా, దానితో జాబితాయు పోయినది. జాబితాలో లేనంతమాత్రమున సర్వరు లేదని కాదు. అడ్రసు టైపు చేసినచో ఫోల్డరు చక్కగా తెరచుకొనవచ్చును. కేవల మొక పేరు కిటికీలో కనబడుటకై ఆ పాత సంచికను మరల మేల్కొల్పుట యెంతటి సాహసమో 2017 మే నెలలో లోకము చూచినది. ఆ సంచికలోని లోపమును పట్టుకొని వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు బ్రిటనులోని ఆసుపత్రులను స్తంభింపజేసి, మన ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లను సైతము తాకినది. లోపమును సరిదిద్దు అప్‌డేట్ అంతకు రెండు నెలల మునుపే, మార్చి 14న, వెలువడియుండెనన్నది మరింత విచారకరము.

అధికారము విషయమున వచ్చు చిక్కులు తరచుగా చిన్నవే. విండోస్‌లో ప్రతిదినము వాడు నాలుగంకెల పిన్ ఆ యొక్క యంత్రమునకే చెల్లును గాని నెట్‌వర్కుపై చెల్లదు. అచ్చట అసలు పాస్‌వర్డే కావలెను. లినక్స్‌లో సాంబా తన పాస్‌వర్డులను వేరుగా దాచుకొనును గనుక, సర్వరులో లాగిన్ అయిన వానికి ఉమ్మడి ఫోల్డరు దానంతట అది దక్కదు. షేరునకిచ్చిన అనుమతి యొకటి, డిస్కుపై ఫోల్డరునకున్న అనుమతి మరియొకటి; రెండును కుదిరిననే పని జరుగును. పేరు లేని అతిథిని లోనికి రానీయకుండుటయు, సందేశములపై సంతకము కోరుటయు 2024లో వచ్చిన విండోస్ 11 సంచిక, ప్రో మొదలగు తరగతులయందు, నియమముగా పెట్టినది. దానితో పెక్కు పాత నిల్వ పెట్టెలు మూగవోయినవని వినియోగదారులు వాపోవుచున్నారు. వారి యిబ్బంది నిజమే. ఐనను ఆ నియమము యుక్తమైనదే. కొనునప్పుడే ‘ఎస్‌.ఎం.బి. మూడవ సంచిక తెలియని పరికరము స్వీకరింపబడదు’ అని టెండరులో ఒక్క వాక్యము చేర్చినచో, సర్కారు కళాశాలలకు ఈ దురవస్థ యుండదు.

చివరకు మన లిపికి సంబంధించిన మాట. ‘రైతు’ అను పదములోని ఐత్వమును యూనికోడ్‌లో ఒకే గుర్తుగాను వ్రాయవచ్చును, ఎత్వము, దాని క్రింది గుర్తు అను రెండు భాగములుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. మ్యాక్‌లోని పాత హెచ్‌.ఎఫ్‌.ఎస్‌. ప్లస్ ఫైళ్ల పేర్లను విడదీసియే దాచెడిది. లినక్స్ మాత్రము వచ్చిన బైట్లను వచ్చినట్లే యుంచును. అందువలన ఒకే ఫోల్డరులో, ఒకే పేరున రెండు ఫైళ్లు ప్రత్యక్షమగుటయు, కన్నులయెదుట నున్న ఫైలు వెదకిన దొరకకపోవుటయు సంభవింపవచ్చును. మరియు లినక్స్‌లో సాధారణముగా ఫైలు పేరునకు 255 బైట్లే పరిమితి. తెలుగు గుర్తొక్కటికి మూడు బైట్లు. ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమే 18 బైట్లను మ్రింగును. విండోస్ లెక్క బైట్లతో కాదు గనుక, అచ్చట సుఖముగా నిలిచిన దీర్ఘమైన ఉత్తరువు పేరు సర్వరుపైకి ఎక్కక నిరాకరింపబడును. దానిని అనుమతుల లోపమని యెంచి మరల సర్వాధికారము లిచ్చువారును కలరు. కావున ఉమ్మడి ఫోల్డరు నేర్పరచిన నిపుణుడు ఇంగ్లీషు పేరుగల చిన్న ఫైలు నొకదానిని పంపి పని ముగిసినదనుటకు వీలులేక, ఐత్వముగల దీర్ఘమైన తెలుగు పేరుతో ఒక ఫైలును మూడు విధముల యంత్రములనుండియు సృష్టించి, వెదకి, పేరు మార్చి, తొలగించి చూపవలెననియు, చూపినపిమ్మటనే ఆతని బిల్లు చెల్లింపవలెననియు మన కార్యాలయముల అధికారులను కోరుచున్నాను.