జాఫాని ఎవరూ చూడలేదా?

2023 ఉగాది. సెలవు దొరికితే నస్రుల్లాబాద్ వెళ్లాం. ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డుకి రెండు పక్కలా యాసంగి వరి పచ్చగా ఊగుతోంది. ఇంట్లో పెద్దనాయన, పెద్దమ్మ, నాయనమ్మ, పిల్లలు... అంతా కలిపి పదిమంది పైనే! భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం.

'వెంకటేశ్‌ది కొత్తది వచ్చింది. రానా కూడ ఉన్నడు' అన్నాడు ఇంటర్ చదువుతున్న తమ్ముడు, ఫోన్‌ని టీవీకి కలుపుతూ. వెంకటేశ్ పేరు వినగానే పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. 'నువ్వు నాకు నచ్చావ్' ఎన్నిసార్లు వేసినా చూస్తుందావిడ.

ఐదు నిమిషాలు... అంతే!

'బంద్ చెయ్‌రా! ఇంట్ల పోరగాండ్లున్నరు. గిదేం కతరా?' పెద్దనాయన కేక. కంగారులో తమ్ముడి చేతిలోని రిమోట్ కింద పడింది. నాయనమ్మకి సరిగ్గా వినపడదు. 'ఏమన్నడు? వెంకటేశ్ ఏమన్నడు?' అని ఆవిడ ఒకటే అడగడం. మేం నేల చూపులు చూడటం. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వడం!

ఆ వారం చాలా తెలుగిళ్లలో ఇదే సీను నడిచి ఉంటుంది. ఆ సిరీస్ పేరు 'రానా నాయుడు'. 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మొత్తం పది భాగాలు. 'మల్లీశ్వరి', 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే', 'ఎఫ్2'ల వెంకటేశ్ నోట ఆ మాటలేమిటని జనం విస్తుపోయారు. మన ఇంటి మనిషిలాంటి హీరో ఇలా మాట్లాడొచ్చా అని బాధపడ్డవాళ్లున్నారు. మండిపడ్డవాళ్లూ ఉన్నారు. నిజం చెప్పొద్దూ... నేనూ ఆ జాబితాలోనివాణ్నే!

చల్లారిన చాయ్

మర్నాడు పొద్దున రోడ్డు మీది హోటల్లో పాత మిత్రుడు కలిశాడు. చిన్నప్పుడు ఒకే బెంచీ. చాయ్ తాగుతూ రాత్రి మా ఇంట్లో జరిగిన భాగోతం చెప్పి నవ్వాను. అతను నవ్వలేదు.

'నేను పది భాగాలు చూసిన. ఒక్కణ్నే, ఫోన్ల. అందరు బూతుల గురించే మాట్లాడుతున్నరు. ఆ జాఫాని ఎవ్వలూ చూడలేదా?' అన్నాడు.

జాఫా ఎవరో నాకు తెలియదు. చూస్తే కదా తెలిసేది! అదే మాట చెప్పాను. అతను గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ అడగలేదు. అతనూ ఏమీ చెప్పలేదు. చాయ్ మాత్రం చల్లారిపోయింది.

హైదరాబాద్ తిరిగొచ్చాక మొదటి భాగం నుంచి చూశాను. నాయుళ్లది హైదరాబాద్ నుంచి ముంబయికి చేరిన కుటుంబం. పెద్దవాళ్ల గొడవల్ని గుట్టుచప్పుడు కాకుండా చక్కబెట్టడం రానా పని. జైలు నుంచి వచ్చిన తండ్రి నాగా నాయుడంటే అతనికి కోపం. తమ్ముడే జాఫా. అభిషేక్ బెనర్జీ వేశాడా పాత్ర. మనిషి ఎదిగాడు కానీ మనసులో ఏదో ఆగిపోయింది. కారణం... చిన్నతనంలో అతని మీద జరిగిన లైంగిక అత్యాచారం. ఆ ఇంట్లోవాళ్లు అరిచే ప్రతి అరుపు వెనకా ఇలాంటి పాత గాయాలున్నాయి. మాకు అరుపులే వినపడ్డాయి. గాయం దాకా మేం వెళ్లనే లేదు.

నిజానికి ఫ్లాష్‌బ్యాక్ మనకేం కొత్త? హీరో కళ్లెదుటే తండ్రిని చంపుతారు. చెల్లెల్ని ఎత్తుకుపోతారు. ఊరిని తగలబెడతారు. చేతులు తడిసేలా ఏడ్చి, ఆ తర్వాత హీరో ఎంతమందిని నరికినా ఈలలు వేస్తాం. కానీ ఒక మగపిల్లాడి మీద పెద్దమనిషి చెయ్యి వేశాడన్న ఫ్లాష్‌బ్యాక్ వస్తే..? ఏడవాలో, కోప్పడాలో, లేచి వెళ్లిపోవాలో మనకి తెలియదు. ఎందుకంటే ఆ మాట మన ఇళ్లలో ఎవరూ అనగా వినలేదు.

బోస్టన్‌లోనూ ఇంతే

'రానా నాయుడు' మనవాళ్లు సొంతంగా అల్లిన కథ కాదు. అమెరికాలో 2013 నుంచి 2020 దాకా ఏడు సీజన్లు నడిచిన 'రే డొనోవన్' దీనికి మూలం. అందులో అన్నదమ్ములది బోస్టన్. పసితనంలో వాళ్లని పాడుచేసింది చర్చిలో ఫాదర్. ఆ కథ గాలిలోంచి పుట్టలేదు. మతగురువుల చేతిలో పిల్లలు పడ్డ హింసనూ, దాన్ని పెద్దలు ఏళ్ల తరబడి కప్పిపుచ్చిన తీరునూ 'బోస్టన్ గ్లోబ్' పత్రిక 2002లో బయటపెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి కార్డినల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. బాధితుల్లో చాలామంది అప్పటికే నడివయసుకి వచ్చిన మగవాళ్లు! అన్నేళ్లూ నోరు కట్టుకుని బతికారు.

మరి మన దగ్గర? కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53.22 శాతం మంది చెప్పారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే... 52.94 శాతం! వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 'మగపిల్లాడు... వాడికేమైతది?' అనుకునే మనకి ఆ అంకె చెంపదెబ్బ.

ఈ సంగతిని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన రోజు కూడా ఒకటుంది. 2012 మే 13, ఆదివారం. ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే'లో ఆ వారం అంశం ఇదే. ముంబయికి చెందిన హరీశ్ అయ్యర్ తన చిన్ననాటి నరకాన్ని నలుగురి ముందు చెప్పాడు. చివర్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎవరు ఎక్కడ తాకకూడదో ఆమిర్ ఆటలా నేర్పించాడు. ఆ కార్యక్రమం తెలుగులోనూ వచ్చింది. అందులో ఒక్క బూతు లేదు. అందుకే ఎవరూ రిమోట్ వెతుక్కోలేదు. అంటే... మాట మర్యాదగా ఉంటే ఎంత చేదు నిజాన్నయినా మనవాళ్లు వింటారు. పెద్దనాయన కోపంలోనూ న్యాయం ఉంది. అది పిల్లల ముందు చూసేది కాదు. కానీ టీవీ కట్టేశాక ఆ పిల్లలతో ఏం మాట్లాడాం? ఏమీ లేదు. 'ఇలాంటివి ఇంట్లో ఎత్తకూడదు' అన్న ఒక్క పాఠం మాత్రం వాళ్లకి వంటబట్టింది. రేపు ఎవరైనా చెయ్యి వేస్తే ఆ పాఠమే వాళ్ల నోరు నొక్కేస్తుంది.

చట్టం ఉంది, చెవి కావాలి

ఆ నెలలోనే పార్లమెంటు పోక్సో చట్టాన్ని ఆమోదించింది. 2012 నవంబరు 14 నుంచి అది అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకి ఎంత రక్షణో మగపిల్లలకీ అంతే. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. బిడ్డ పేరు, వివరాలు పత్రికల్లో రాకూడదు. సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ సరే. ముందు ఆ బిడ్డ చెప్పింది వినడానికి ఇంట్లో ఒక చెవి ఉండాలి. వాడు నోరు విప్పినప్పుడు 'నువ్వెందుకు పోయినవ్ అక్కడికి?' అనకుండా 'నీ తప్పేం లేదు బిడ్డా' అనే మనిషి ఒకరు కావాలి.

2025 జూన్ 13న 'రానా నాయుడు' రెండో సీజన్ వచ్చింది. ఈసారి బూతులు తగ్గాయన్నారు. ఆ వారమే నా మిత్రుడు ఫోన్ చేశాడు. సిరీస్ గురించే అనుకున్నాను. కాదు.

'మావోనికి పన్నెండేండ్లు నిండినయ్. నిన్న పొలం కాడికి తోల్కపోయి మాట్లాడిన. ఎవలన్న తాకితే ఏం చెయ్యాల్నో, ఎవలకి చెప్పాల్నో... అన్నీ చెప్పిన. నాకు గిట్ల ఎవ్వలు చెప్పలేదురా' అన్నాడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అతనే అన్నాడు... 'రాయి. పేరొద్దు.'

రాశాను.