తీగ మార్చి చూశావా, తమ్ముడూ?

రాజమండ్రి నుంచి ఓ కుర్రాడు వుత్తరం రాశాడు. నాలుగు పేజీల వుత్తరం! అందులో మూడు పేజీలు మెటాలికా మీద ప్రేమలేఖే. నాలుగో పేజీలో అసలు సంగతి బయటపెట్టాడు... "అన్నా! ట్యూషన్లు చెప్పి ఎనిమిది నెలలుగా డబ్బు కూడబెట్టాను. నా ఎలక్ట్రిక్ గిటారుకి కొత్త పికప్ వేయిద్దామనుకుంటున్నా. దాని ధర నా గిటారు ధర కంటే ఎక్కువే. ఏది వేయిస్తే ఆ హెవీ మెటల్ సౌండ్ వస్తుంది? ఒక్క పేరు చెప్పు చాలు."

పేరు చెప్పడం ఎంతసేపు? చెప్పేస్తే నా పని అయిపోతుంది. దాంతోపాటు నీ ఎనిమిది నెలల డబ్బూ అయిపోతుంది! అందుకే తమ్ముడూ, ముందు ఓ కథ విను.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే వూరుంది. ఫ్యాక్టరీల వూరు. 1965లో అక్కడ టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకులు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇక ఆ పని మానేసి గిటారుతోనే బతుకుదామనుకున్నాడు. ఆఖరి రోజు డ్యూటీకి వెళ్లాడు. ఆ రోజే మెషిను కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి. అంటే గిటారు మీద తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే! "ఇక నువ్వు వాయించలేవు" అన్నారట డాక్టర్లు.

అప్పుడు ఫ్యాక్టరీలో పెద్దాయన ఒకాయన ఓ రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ వాయించినది. 1928లో అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా ప్రపంచం మెచ్చేలా వాయించిన మహానుభావుడాయన. అది విన్నాక మన టోనీ వూరుకోలేదు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. వాటి మీద తోలు ముక్క అతికించాడు. అయినా లావు తీగలు నొక్కితే నొప్పి. సన్నతీగల సెట్లు అక్కడ దొరికేవి కావు. బాంజో తీగలు తెచ్చి గిటారుకి బిగించాడు! ఆ తరువాత తీగల్ని శ్రుతి దించి వదులు చేశాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బంలో ఏకంగా మూడు సెమిటోన్లు దించేశాడు. ఆ మోతకే జనం 'హెవీ మెటల్' అని పేరు పెట్టుకున్నారు. అతని బృందమే బ్లాక్ సబ్బాత్. 2025 జూలై 5న అదే బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ చేసిందా బృందం. గాయకుడు ఓజీ ఆస్బోర్న్ ఆ నెలలోనే కన్నుమూశాడు.

ఇంతకీ పికప్ సంగతేమిటంటావా? 1969లో వాళ్ల తొలి ఆల్బం రికార్డింగులో టోనీ గిటారు పికప్ చెడిపోయింది! పక్కనున్న గిబ్సన్ ఎస్‌జీ అందుకుని మిగతా పాటలు కానిచ్చాడు. దానికున్నవి పి-90 అనే ఒంటి చుట్ట పికప్‌లు. ఈ రోజు ఏ షాపులో అడిగినా "మెటల్‌కి పనికిరావు" అని తీసిపారేసే రకం. మరి ఆ మోత ఎక్కడి నుంచి వచ్చినట్టు? వేళ్ల నుంచీ, తీగల నుంచీ, శ్రుతి నుంచీ, యాంప్లిఫయరు నుంచీ. పికప్ చివర్న నిలబడుతుంది.

అసలు పికప్ అంటే ఏమిటో చెబుతాను. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని రాగి తీగ. అంతే! పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదిరి, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. అందుకే నైలాన్ తీగ వేస్తే పికప్ మూగబోతుంది. కంచు చుట్టిన అకూస్టిక్ తీగలు వేస్తే సగం గొంతే పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకి నికెల్ పూత పూసిన ఉక్కు తీగలే అడుగు. ఈ చిన్న సంగతి తెలియక గిటారుని తిట్టుకున్న వాళ్లు ఎందరో!

ఒంటి చుట్టకి ఓ జబ్బుంది. ట్యూబ్‌లైటూ, కరెంటు వైర్లూ చేసే 'హుం...' అనే రొదని కూడా లాగేస్తుంది. మెటల్‌లో సౌండుని అన్ని రెట్లు పెంచుతాం కాబట్టి ఆ రొదా అన్ని రెట్లు పెరుగుతుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు దీనికి మందు కనిపెట్టాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానికి ఒకటి ఎదురుగా తిప్పాడు. అయస్కాంతం దిక్కూ మార్చాడు. రొద రొదని చంపేసింది, తీగల నాదం మాత్రం కలిసి బలపడింది. అదే హంబకర్. 1957లో గిటార్ల మీదికెక్కింది. మెటల్ కుర్రకారు దీన్ని కోరుకునేది అందుకే.

ఇప్పుడు నా గొడవ చెప్పుకోనీ. డిగ్రీ చదివే రోజుల్లో నాకూ ఇదే పిచ్చి. నాన్న పెట్టిన వాచీ అమ్మేసి హంబకర్ కొన్నాను. ఫిట్ చేసిన కుర్రాడు పాత తీగలు తీసి కొత్తవి వేశాడు. ఆహా, ఏం సౌండ్! వాచీ పోతే పోయిందిలే అనుకున్నా. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ పాత ఏడుపే. విసుగొచ్చి కొత్త తీగల సెట్టు వేస్తే మళ్లీ "ఆహా!" అప్పుడర్థమైంది... నేను మురిసిపోయింది చాలావరకు కొత్త తీగలకి! వాచీ ఖరీదులో పదోవంతు కూడా కాని తీగలకి. ఆ వాచీ ఏదని నాన్న ఏనాడూ అడగలేదు. అడిగినా బాగుండేది.

కాబట్టి తమ్ముడూ, వరుస ఇది. మొదట తీగలు మార్చు. మామూలు శ్రుతికి 9-42 సెట్టు వేళ్లకి సుఖం. ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. ఒక టోను దించావనుకో, తీగ బిగువు ఐదోవంతు తగ్గిపోయి చప్పగా ఆడుతుంది. అప్పుడు 10-46 వేస్తే బిగువు దాదాపు పాత స్థితికి వస్తుంది. రెండు టోన్లు దించితే 11, 12 సెట్ల దాకా వెళ్లాలి. సైజు మార్చినప్పుడు గిటారు మెడ వంపూ, శ్రుతీ తెలిసినవాడికి ఓసారి చూపించుకో. అయితే టోనీ సన్నతీగలతోనే దించాడు కదా అంటావేమో! ఆయన వేళ్లకి అదే కావాలి. నీ వేళ్లకేం కావాలో నువ్వు చూసుకో. వాయించాక పొడిగుడ్డతో తుడువు. గోదావరి గాలికీ, చేతి చెమటకీ తీగ తొందరగా తుప్పు పడుతుంది.

రెండోది, స్క్రూడ్రైవరు పట్టు. ఇది ఉచితం! తీగని ఆఖరి మెట్టు దగ్గర నొక్కి, పికప్‌కీ తీగకీ మధ్య రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీ వుంచు. మరీ దగ్గరకి తెస్తే అయస్కాంతం తీగని లాగేసి నాదం తొందరగా ఆగిపోతుంది. యాంప్లిఫయరులో గెయిన్ కాస్త తగ్గించు. గెయిన్ మరీ పెరిగితే గర్జన పోయి బురద మిగులుతుంది.

ఇవన్నీ చేశాక కూడా రొద తగ్గకపోతే, అప్పుడు పికప్. బ్రిడ్జి వైపు ఒక్కటి మార్చు చాలు, రెండూ అక్కర్లేదు. సిరామిక్ అయస్కాంతం వున్నది కటువుగా, బిగువుగా పలుకుతుంది. ఆల్నికో వున్నది కాస్త మెత్తన. 1970లలో పుట్టిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ సిరామిక్ రకమే. నీ మెటాలికా వాళ్లు ఏళ్ల తరబడి వాడినవి ఈఎంజీ కంపెనీ యాక్టివ్ పికప్‌లు. వాటికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. అది అయిపోతే కచేరీ మధ్యలో గిటారు నోరు మూసుకుంటుంది. నీ గిటారు లోపల ఆ బ్యాటరీకి చోటుందో లేదో కొనేముందే చూసుకో!

అడిగావు కనక పేర్లు చెప్పాను. కానీ ఈ ఆదివారం ముందు తీగలు మార్చు. నెల రోజులు వాయించు. ఎనిమిది నెలల డబ్బు ఎక్కడికీ పారిపోదు. అప్పటికీ పికప్ కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కో. అక్కర్లేదనిపిస్తే మాత్రం నాకో కార్డు ముక్క రాయి. ఈసారి మాత్రం నాలుగు పేజీలు వద్దు బాబూ!

వచ్చేవారం మళ్లీ కలుద్దాం.