ఖాతా మారిందన్న ఉత్తరం

మిర్చి బస్తాలను కోల్డు స్టోరేజీలో పెట్టిన వర్తకుడు రసీదును ఇనప్పెట్టెలో దాచుకుంటాడు. సరుకుకు బీమా చేయిస్తాడు. అదే కొట్టులో బ్యాంకు ఖాతాకు దారితీసే పాస్‌వర్డు మాత్రం కంప్యూటరు పక్కన అట్టముక్కమీద వ్రాసి ఉంటుంది. నరసరావుపేట నుంచి మాచర్ల వరకు చాలా కొట్లలో అది గుమాస్తాలందరికీ కంఠతా వచ్చు.

ఈ అలవాటు ఖరీదెంతో హైదరాబాదులోని ఎ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకుకు 2022 జనవరిలో తెలిసివచ్చింది. దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేసి, దేశంలోని వందలాది ఖాతాలకు మళ్ళించారు. ఒక్క తాళమూ పగలలేదు. 2021 నవంబరులో ఉద్యోగులకు 200కు పైగా దొంగ ఈ-మెయిళ్ళు రాగా, ఇద్దరు తెరిచారు. అంతే చాలింది. సర్వాధికారాలున్న ఉద్యోగుల్లో పలువురికి ఒకే పాస్‌వర్డు ఉన్నట్లు పోలీసుల దర్యాప్తులో తేలింది. రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా కూడా విధించింది. పోయిన అసలుకు ఇది వడ్డీ కాబోలు!

బ్యాంకుల సంగతి అట్లుంచితే, మన వర్తకులకు అంతకంటె దగ్గరి ముప్పు ఒకటున్నది. జిన్నింగు మిల్లు కోయంబత్తూరుకు దూది బేళ్ళు పంపుతుంది. దొంగ ఆ మిల్లు ఈ-మెయిలులో దూరి, వారాల తరబడి ఉత్తరాలు చదువుతాడు. బేళ్ళెన్నో, లారీ నంబరేదో, సొమ్ము ఏనాడు రావాలో అన్నీ వాడికి తెలుసు. సరిగ్గా ఆ రోజున “మా బ్యాంకు ఖాతా మారినది” అని మిల్లు పేరిటే కొనుగోలుదారుకు ఉత్తరం పోతుంది. చిరునామాలో తేడా ఒక్క అక్షరం. కొన్నవాడు సొమ్ము కట్టానంటాడు, అమ్మినవాడు ముట్టలేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు. మధ్యనున్న బ్రోకరుకు ఇద్దరితోనూ చెడుతుంది.

2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు సొమ్ము 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఇట్టి దొంగల పాలైంది. శ్రీలంకకు పోవలసిన మరో 2 కోట్ల డాలర్లు ఆగింది మాత్రం ఉత్తర్వులో ఒక మాట స్పెల్లింగు తప్పినందువల్ల. చిట్టా ఆవర్జాలలో అణా పైసల తేడాను పట్టిన మన పాత గుమాస్తాల కన్ను ఇక్కడ పనికివచ్చేదే.

కనుక బేరం కుదిరిన నాడే కాంట్రాక్టు చీటీలో ఖాతా నంబరు వ్రాయించాలి. మార్పు వస్తే, ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాక, మన పుస్తకంలో పూర్వమే ఉన్న నంబరుకు ఫోను చేసి, ఎరిగిన గొంతుతో రూఢి చేసుకోవాలి. ఈ నియమాన్ని వర్తక సంఘాలే తీర్మానించి అమలు జరిపించాలి. ఒకప్పుడు ట్రంకుకాల్ కోసం గంటలు కాచుకున్న వర్తకులకు ఈ రెండు నిమిషాలు భారం కారాదు.

సొమ్ము పోయినవారు పరపతి దెబ్బతింటుందని గుట్టుగా ఉండడం మరొక పొరపాటు. 1930 నంబరుకు వెంటనే చెబితే, సొమ్ము ఇంకా చేతులు మారకముందైతే, ఆ ఖాతాను స్తంభింపజేయించే వీలున్నది. నాలుగు రోజులు తర్జనభర్జన పడి చెప్పేసరికి ఆ ఖాతాలో మిగిలేది స్వల్పం.