సీటు ఎక్కేముందు యంత్రం చుట్టూ తిరగండి



పోయిన వేసవిలో మా మేనల్లుడు గాజువాక దగ్గర ఒక చోట పొక్లెయిన్ ఆపరేటర్ల పరీక్షకు వెళ్లాడు. ఎనిమిదేళ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాడు. దమ్ము చేస్తాడు, వరికోత మిషను నడుపుతాడు, రెండు సీజన్లు జేసీబీ మీద చెరువు మట్టి ఎత్తాడు. పేరు పిలవగానే గబగబా సీటెక్కి ఇంజను స్టార్టు చేశాడు. పరీక్ష పెట్టే ఆయన చెయ్యెత్తి ఆపమన్నాడు. “దిగు బాబూ. ఆయిలు చూశావా? యంత్రం వెనక ఎవరున్నారో చూశావా?” అని అడిగాడు. అంతటితో పరీక్ష అయిపోయింది. “మావయ్యా, బకెట్టు కూడా ఎత్తనివ్వలేదు” అంటూ కుర్రాడు ఇంటికొచ్చాడు.

నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ పెద్దమనిషి అడిగింది న్యాయమే అనిపించింది. తప్పు కుర్రాడి చేతిలో లేదు. ఆ పరీక్షలో ఏం చూస్తారో అతనికి ముందు చెప్పినవాళ్లు లేరు. అందులో మన తప్పు కూడా ఉంది.

ఈ సంగతి రైతు పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. ఉక్కు కర్మాగారం కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల రైతులు భూములిచ్చారు. ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన తండ్రుల పిల్లలకే ఇప్పుడు పెళ్లీడు పిల్లలున్నారు. పర్మినెంటు ఉద్యోగం అందరికీ రాలేదు. భూమి మిగిలిన చోట కూడా రెండెకరాల మీద ఇద్దరన్నదమ్ములు బతకడం కష్టం. అందుకే మన కుర్రాళ్లు పోర్టులో, ఉక్కు నగరంలో, రోడ్డు పనుల్లో యంత్రాల మీదకు వెళుతున్నారు. రైతు ఇంట సగం కూలి అక్కడి నుంచే వస్తున్నప్పుడు అది రైతు సమస్య కాకుండా ఎలా పోతుంది?

పరీక్షలో ఏం చూస్తారో తెలుసుకుందాం. మొదటిది, సీటు ఎక్కకముందు యంత్రం చుట్టూ ఒకసారి తిరగాలి. ఇంజను ఆయిలు, రేడియేటరు నీళ్లు, హైడ్రాలిక్ ఆయిలు చూడాలి. గొట్టాలు కారుతున్నాయా, పిన్నులు వదులయ్యాయా, బకెట్టు పళ్లు ఉన్నాయా, చైను బిగువు సరిగా ఉందా చూడాలి. హారను, వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం పనిచేస్తున్నాయా చూడాలి. తలమీద కరెంటు తీగలు, కింద నేల గట్టితనం గమనించాలి. చూస్తున్నది నోటితో చెప్పాలి. మనం ఎద్దులను కాడికి కట్టేముందు గిట్ట, మెడ చూడమా? ఇదీ అలాంటిదే.

రెండోది, పని. జేసీబీ అయితే తవ్వేముందు వెనక కాళ్లు దించాలి. తీసిన మట్టిని గోతి అంచున పోయకూడదు. లారీ నింపేటప్పుడు డ్రైవరు క్యాబిన్ మీదుగా బకెట్టు తిప్పకూడదు. పని ముగిశాక బకెట్టు నేలకు ఆనించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి దిగాలి. వేగం చూపించాలని ఆత్రపడేవాళ్లే ఎక్కువగా ఇక్కడ తప్పుతారు.

మూడోది, క్రేను వాళ్లకు లోడు చార్టు. క్రేను మీద యాభై టన్నులని రాసి ఉంటే ఎంత దూరంలోనైనా యాభై ఎత్తుతుందని కాదు. నిండు బిందె చంకన పెట్టుకుంటే మోయగలం. అదే బిందె చెయ్యి చాచి పట్టుకోమంటే రెండు నిమిషాలు నిలవలేం. క్రేనుకూ అంతే. బూమ్ బయటికి వాలేకొద్దీ ఎత్తగల బరువు పడిపోతుంది. ఆ పట్టిక చదివి లెక్క చెప్పమంటారు. సిగ్నల్‌మాన్ చేతి సైగలు అడుగుతారు. ఆగమన్న సైగ ఎవరు చేసినా ఆపాల్సిందే.

ఇవన్నీ మార్కుల కోసమే అనుకోకండి. 2020 ఆగస్టు 1న ఇదే విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో లోడు పరీక్ష జరుగుతుండగా భారీ క్రేను కూలి 11 మంది చనిపోయారు. బరువులెత్తే యంత్రాన్ని కనీసం 12 నెలలకోసారి అర్హత గలవారు తనిఖీ చేయాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు ఆపరేటరుకు ఉండాలి. అడిగే ధైర్యం ఇచ్చేది యూనియనే.

ఒక జాగ్రత్త. రోడ్డు మీద నడపడానికి ఆర్.టి.ఓ. లైసెన్సు వేరు, పని వచ్చని ఇచ్చే సర్టిఫికెట్టు వేరు. లైట్ వాహనం లైసెన్సు ఏడాది నిండనిదే రవాణా వాహనానికి ఎల్.ఎల్.ఆర్. ఇవ్వరు. “రెండూ వారంలో తెప్పిస్తా” అనే బ్రోకరుకు డబ్బు కట్టకండి. పని ముందే వచ్చినవాళ్లకు, వచ్చిన పనిని గుర్తించి పరీక్ష పెట్టే పద్ధతి ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. ముందు దాని గురించి విచారించండి.

మనం చేయగలిగింది ఒకటుంది. ఉక్కు కర్మాగారంలో, పోర్టులో క్రేన్లు నడిపి రిటైరైన పెద్దలు మన ఊళ్లలోనే ఉన్నారు. ప్రతి మండల కమిటీ వారిలో ఇద్దరిని పిలిచి, నెలకు రెండు ఆదివారాలు కుర్రాళ్లకు చెప్పించాలి. ఎవరి జేసీబీ ఖాళీగా ఉంటే దాని చుట్టూ తిప్పించి, ఒక్కొక్క భాగం పేరు చెప్పించాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవీ ఉన్నాయి. ప్రశ్నలు తెలుగులో ఉండాలి. భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలకు శిక్షణ, పరీక్ష ఉచితంగా ఉండాలి. పరీక్షకు ముందు యంత్రం మీద సాధన చేయనివ్వాలి. సర్టిఫికెట్టు ఉన్నవాడికి కాంట్రాక్టరు హెల్పరు కూలి ఇచ్చి ఆపరేటరు పని చేయించుకోవడం ఆగాలి. వచ్చే మండల సమావేశాల్లో ఈ నాలుగింటి మీదా తీర్మానం చేసి పంపండి.

మా మేనల్లుడు మళ్లీ పరీక్షకు వెళుతున్నాడు. ఇప్పుడు పొలంలో ట్రాక్టరు ఎక్కేముందు కూడా ఒకసారి చుట్టూ తిరుగుతున్నాడు. మొన్న అలా చూస్తేనే వెనక చక్రం పక్కన ఆడుకుంటున్న పక్కింటి పసివాడు కనిపించాడు. అతను ఆ పరీక్ష పాసయినట్టే అని నా లెక్క.