హీలియం గాలిపాలు కారాదు

ఎదకొచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లిన రైతులు అక్కడ మూత తీయగానే పొగలు కక్కే క్యాను చూసే ఉంటారు. వీర్యం గొట్టాలు చెడకుండా అందులో ద్రవ నత్రజని పోస్తారు. దాని చల్లదనం సున్నాకు దిగువన 196 డిగ్రీలు. అంతకంటే చల్లనిది ద్రవ హీలియం. అది సున్నాకు దిగువన 269 డిగ్రీలు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజనే కనుక ఎంత ఖర్చయినా మళ్లీ తీసుకోవచ్చు. హీలియం సంగతి అలా కాదు.

ఇంత చలి ఎవరికి కావాలని అడగవచ్చు. పదార్థాల గుట్టు తెలుసుకునే శాస్త్రజ్ఞులకు కావాలి. వెచ్చగా ఉన్న పదార్థంలో పరమాణువులు కుదురుగా ఉండవు. వాటి ఊగులాటకు అందులోంచి వచ్చే వెలుగు రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. హీలియంతో చల్లబరిస్తే ఆ రంగులు సన్నని గీతల్లా విడివిడిగా తెలుస్తాయి.

అప్పుడు కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినితో చూస్తారు. ఈ పద్ధతికి అమెరికాలో మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటు కోరారు. లేజరు వెలుగును ఒకే చుక్క మీద పడేలా చేసి, తిరిగొచ్చే వెలుగును సూదిబెజ్జమంత రంధ్రం గుండా పోనిస్తారు. ఆ చుక్క పైనుంచి, కిందనుంచి వచ్చే వెలుగు చాలావరకు రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. రైతు మడి తర్వాత మడి చూసుకుంటూ పోయినట్టు, చుక్క తర్వాత చుక్క చూసి బొమ్మ తయారుచేస్తారు. వజ్రంలో ఒక నత్రజని పరమాణువు చేరి, దాని పక్కన ఖాళీ ఏర్పడితే ఆ ఒక్క లోపం కూడా దీనికి దొరికిపోతుంది. అటువంటి లోపాల మీదనే నేడు క్వాంటం పరిశోధన ఎంతో సాగుతున్నది.

హీలియంతో తెలుగునేలకు పాత చుట్టరికమే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చారు. ఆ గ్రహణం నాడు సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. మొదట దానిని సోడియం గీత అనుకున్నారు. కాదని తేల్చినవారు ఇంగ్లండులో లాకియర్. అదే హీలియం. 1895లో రామ్సే దానిని భూమి మీద పట్టుకున్నారు.

భూమిలోని యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తుంటే హీలియం పుడుతుంది. సహజవాయువు బావుల నుంచి దానిని తీస్తారు. ఒకసారి గాలిలో కలిస్తే తిరిగి కూడగట్టడం గిట్టుబాటు కాదు. అది క్రమంగా ఆకాశంలోకి జారిపోతుంది. మన దేశం విదేశీ హీలియం మీదనే ఆధారపడుతున్నది. 2017 జూన్‌లో పొరుగు దేశాలు కతార్ సరిహద్దు మూసివేస్తే అక్కడి హీలియం కర్మాగారాలు ఆగి, ప్రపంచమంతటా కటకట మొదలైంది. ఆ కటకట పరిశోధకులకే పరిమితం కాదు. పట్నంలో ఎమ్మారై స్కానింగుకు వెళ్లే పల్లె రోగికి కూడా అది తప్పదు. చాలా ఎమ్మారై యంత్రాల అయస్కాంతాలు ద్రవ హీలియంలోనే మునిగి ఉంటాయి.

ఒక లీటరు ద్రవ హీలియం ఆవిరైతే సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. దానిని గొట్టాల ద్వారా సంచుల్లో పట్టి, శుభ్రపరచి మళ్లీ ద్రవంగా మార్చవచ్చు. అదే వాయువును తిప్పి తిప్పి వాడే శీతల యంత్రాలు కూడా వచ్చాయి. వాటి అదురుకు సూక్ష్మదర్శిని చూపు చెదరకుండా జాగ్రత్త పడాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పనే. కాని పారబోసి మళ్లీ కొనడం అంతకంటే ఖరీదు.

అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పుతామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. క్వాంటం యంత్రాల్లో చాలా వాటికి హీలియం చలువ తప్పనిసరి. భవనాల నమూనాలతో పాటే హీలియాన్ని తిరిగి పట్టే ఏర్పాటు కూడా మొదటి నుంచే ఉండాలి. ప్రజాధనంతో హీలియం కొనే ప్రతి ప్రయోగశాలకూ ఈ షరతు విధించడం అవసరం. చెరువు కట్టేటప్పుడే తూము కట్టాలని పల్లెటూరి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాలకులు కూడా ఆ ముందుచూపు చూపాలి.