501 క్రియలు బట్టీ కొడితే జర్మన్ వచ్చేస్తుందా?

జర్మనీలో దిగగానే మనవాళ్ళు కొందరు '501 జర్మన్ వెర్బ్స్' కొనేస్తారు. అయ్యా, అది ప్రధానంగా క్రియారూపాల పట్టిక, అంటే రిఫరెన్స్ మాన్యువల్. మాన్యువల్ బట్టీ కొట్టి ఎవడైనా కోడింగ్ నేర్చుకున్నాడా? 'ఔఫ్‌ష్టేయెన్' (నిద్ర లేవడం) రూపాలన్నీ నోటికొచ్చినా, మామూలు వాక్యంలో ఆ 'ఔఫ్' ఊడి చివరికి పోతుందన్నది పది వాక్యాలు రాస్తేగానీ అలవాటవదు.

ఇంకో తమాషా. 'వైల్' (ఎందుకంటే) తర్వాత క్రియ చివరికెళ్తుందని ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసిన పుస్తకాలు తెగ భయపెడతాయి. తెలుగులో క్రియ ఉండేదే చివర కదా, మనకెందుకండీ ఆ భయం?

మీ లెవెల్‌కి సరిపోయేది, వెనకాల జవాబులున్నది, ఒక్క అభ్యాసాల పుస్తకం కొని పెన్సిల్‌తో పూర్తి చెయ్యండి. బ్లూ కార్డ్ మీద పర్మనెంట్ రెసిడెన్సీకి ఏ1 ఉంటే 27 నెలలు, బీ1 ఉంటే 21. ఆ ఆర్నెల్లు అలమారలో పుస్తకాలు పేరిస్తే రావు!