నీళ్లలో మునిగి ఉన్నా కాలిపోతుంది!

తెల్లవారుజామున కరెంటొచ్చింది. స్టార్టర్ డబ్బాలో ‘టక్‌’మని చప్పుడైంది. అంతే... పైపు చివర చుక్క రాలలేదు. బత్తాయి చెట్ల పాదుల దగ్గర పార పట్టుకుని నిలబడ్డ రైతు గుండెల్లో రాయి పడింది. మళ్లీ మీట నొక్కాడు. మళ్లీ ‘టక్‌’.

పక్క చేలోంచి ఓ కుర్రాడు కేకేశాడు.

‘‘ఏం మామా... మళ్లీ కాలిందా?’’

‘‘కాలినట్టే ఉందిరా అబ్బాయ్‌. మొన్న సంక్రాంతికేగా చుట్టించింది!’’

ఇది ఏ ఒక్క రైతు కథో కాదు. పెద్దారవీడు మండలంలోనే కాదు, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు ఏ పల్లెకెళ్లినా ఇలాంటి ఉదయం చూడని ఇల్లు అరుదు. ఆ తర్వాత జరిగేదీ అందరికీ తెలిసిందే. మూడు కాళ్ల స్టాండు వస్తుంది. చైన్‌కప్పీ బిగిస్తారు. ఇరవై అడుగుల ఇనుప పైపులు ఒక్కొక్కటే పైకొస్తాయి. ఐదువందల అడుగుల లోతున మోటారుంటే పాతిక పైపులు విప్పాలి. అన్నీ విప్పాక అడుగున బురద పూసుకుని మోటారు బయటపడుతుంది. దాన్ని ఆటోలో వేసుకుని మార్కాపురం వైండింగు షాపుకి పరుగు. అక్కడ అప్పటికే నాలుగైదు మోటార్లు వరసలో ఉంటాయి. ఇక్కడ చెట్టు మీద పిందె వాడిపోతుంటుంది.

ఇంతకీ ఒక్క ప్రశ్న. నిలువెల్లా నీళ్లలో మునిగి ఉండే మోటారు కాలిపోవడమేమిటి?

నీరే దానికి చలువ పందిరి

సబ్‌మెర్సిబుల్‌ మోటారు బోరు గొట్టంలో నిలువుగా వేలాడుతుంది. కింద మోటారు, దాని మీద పంపు. రెంటికీ మధ్యలో ఉన్న జల్లెడలోంచి నీరు పంపులోకి వెళుతుంది. పంపులో ఇంపెల్లర్లనే చిన్న చక్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో చక్రం నీటిని కొంత ఎత్తుకు నెడుతుంది. బోరు ఎంత లోతైతే అన్ని ఎక్కువ చక్రాలు కావాలి.

మోటారు తిరిగితే వేడెక్కుతుంది. ఆ వేడిని మోసుకుపోయేది దాని ఒంటిని రాసుకుంటూ పైకెళ్లే బోరు నీరే. నీటిమట్టం పంపు కిందికి జారిపోయిందనుకోండి... మోటారు తిరుగుతూనే ఉంటుంది, వేడిని తీసుకెళ్లే నీరు మాత్రం కదలదు. అడుగున బరువు మోసే బేరింగు, షాఫ్టును పట్టుకునే బుష్‌లు నీటి పొరమీదే జారుతూ తిరగాలి. ఆ పొర ఎండిపోతే కాసేపట్లోనే అరిగిపోతాయి. లోపలి రాగి తీగలకున్న ప్లాస్టిక్‌ పొర మెత్తబడుతుంది. ఒక తీగ ఇంకో తీగకు తగులుతుంది. అంతే, ‘కాలిపోయింది’!

విద్యుత్‌ యంత్రాల వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. తట్టుకోగల హద్దు దాటాక వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగే కొద్దీ తీగల పై పొర ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. అంటే పదేళ్లు బతకాల్సిన మోటారు రోజూ కొంచెం ఎక్కువ వేడిని మోస్తూ ఐదేళ్లకే పోతుందన్నమాట. మనకు కనిపించేది ఆఖరి రోజు మాత్రమే. రోగం ఎప్పుడో మొదలై ఉంటుంది.

మేస్త్రి చూపు

అనుభవమున్న వైండింగు మేస్త్రి మోటారు విప్పగానే తీగల రంగు చూసి జబ్బు చెప్పేస్తాడు. అదెలాగంటే...

చుట్లన్నీ ఒకే తీరున నల్లబడితే మోటారు మోయలేని బరువు మోసిందనో, వోల్టేజీ తక్కువైందనో అర్థం. వోల్టేజీ పదోవంతు తగ్గితే అదే పని చేయడానికి మోటారు లాగే ఆంపియర్లు ఇంచుమించు పదోవంతు పెరుగుతాయి. వేడి మాత్రం ఐదోవంతు పైగా పెరుగుతుంది. ఎందుకంటే ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది.

కొన్ని చుట్లు మాడిపోయి, మిగిలినవి కొత్త రాగిలా మెరుస్తుంటే ఒక ఫేజు పోయినట్టు. మూడెద్దుల బండికి ఒక ఎద్దు కూలబడితే మిగతా రెండూ రొప్పుతూ లాగినట్టే ఉంటుంది ఆ మోటారు పని. రెండు ఫేజులే వచ్చే వేళల్లో కండెన్సరు తగిలించి మూడు ఫేజుల మోటారును నడిపించే అలవాటు చాలా పల్లెల్లో ఉంది. పంట ఎండుతుంటే రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేడు, నిజమే. కానీ ఆ పూట తడి ఖరీదు మోటారు ఆయుష్షులోంచి కోతపడుతుంది.

ఎక్కడో ఒక్కచోట మాత్రం చిన్న మచ్చలా కాలితే తీగ పొర అక్కడ చిట్లిందని, లేదా నీరు చేరిందని అనుమానించాలి. కేబుల్‌ జాయింటుకు చుట్టిన టేపు సరిగా అతక్కపోతే ఐదువందల అడుగుల లోతున నీటి ఒత్తిడి వెతుక్కుంటూ వెళ్లేది ఆ సందులోకే.

ఇక ఇంపెల్లర్లు అంచుల్లో కొరికినట్టుగా ఉంటే దోషి ఇసుక. మోటారు బాగానే ఉంటుంది, నీరు మాత్రం పలచబడుతుంది.

ఇన్ని జబ్బుల్లోనూ సామాన్యంగా కనిపించేది ఒకటుంది. పెద్ద భాగమేదీ తనంతట తాను చెడలేదు. చిన్న టేపుముక్క, చిన్న బుష్‌, రాలిపోయిన ఒక ఫ్యూజు... యంత్రాన్ని పడగొట్టేవి ఇవే.

ఊరంతా ఒక్కసారే!

ఇంకో చిక్కు ఉంది. అది ఒక్క రైతు చేతిలో లేనిది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక ఆటో స్టార్టర్ల వాడకం ఇంకా పెరిగింది. రైతు నిద్రపోతున్నా కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. బాగానే ఉంది. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే? మోటారు బయల్దేరేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. అన్నీ కలిసి లాగేసరికి వోల్టేజీ కూలబడుతుంది. ఫ్యూజు పోతుంది. లేదా ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఒకడి తొందర పదిమంది మోటార్లకు ఎసరు పెడుతుంది.

స్టార్టరుకు ఆలస్యంగా అందుకునే టైమరు పెట్టుకుని, ఒక్కో రైతు ఒక్కో వ్యవధి ఎంచుకుంటే ఈ కుదుపు చాలావరకు తప్పుతుంది. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కావాల్సింది ఒక చెట్టు కింద కూర్చుని మాట్లాడుకునే ఓపిక.

ఒలింపిక్స్‌ పలకకూ అదే జబ్బు

నీటిలో పనిచేసే వస్తువుల కష్టాలు బోరు దగ్గరే ఆగవు. పాత ప్రకాశం జిల్లాకు పడమట నీళ్లకోసం అల్లాడే నేల ఉంటే, తూర్పున సముద్రమే ఉంది. అక్కడి జాలర్లనడిగితే పడవ ఇంజను బోల్టుల్ని ఉప్పు ఎలా తినేస్తుందో కథలు కథలుగా చెబుతారు.

సముద్రం మీద ఆడే ఖరీదైన ఆటలకూ ఈ బాధ తప్పలేదు. తెరచాప కట్టిన పలకమీద నిలబడి గాలికి దూసుకుపోయే ఆట విండ్‌సర్ఫింగ్‌. ఇప్పుడు ఆ పలక కింద హైడ్రోఫాయిల్‌ అనే రెక్క బిగిస్తున్నారు. వేగం అందుకోగానే నీటిలోని ఆ రెక్క పలకను మొత్తంగా పైకెత్తేస్తుంది. చూసేవాళ్లకు మనిషి గాలిలో ఎగురుతున్నట్టే ఉంటుంది. 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో విండ్‌సర్ఫింగ్‌ను మొదటిసారి ఈ ఫాయిల్‌ పలకలతోనే మార్సేయ్‌ తీరంలో ఆడించారు.

అంత హంగున్న సరంజామా కూడా చిన్న బోల్టు దగ్గర ఓడిపోతుంది. రెక్కను పట్టుకునే కడ్డీ చాలావాటిలో అల్యూమినియందే. బోల్టులేమో స్టెయిన్‌లెస్‌ స్టీలువి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదాన్నొకటి అంటి ఉంటే అది బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో బలహీనమైన అల్యూమినియం మెల్లగా తినేయబడి, తెల్లటి పొడిగా మారి బోల్టును బిగదీస్తుంది. తర్వాత ఎవరు తిప్పినా ఊడదు, బలవంతం చేస్తే విరుగుతుంది. బోల్టు వదులైందా, రెక్క ఊగి ఊగి మరలు అరిగిపోతాయి. అందుకే ఆటగాళ్లు ఒడ్డుకు రాగానే చేసే మొదటి పని మంచినీళ్లతో కడగడం, విప్పడం, మరలకు గ్రీజు రాయడం.

ఉప్పదనం ఎక్కువున్న బోర్లలో జీఐ పైపుకు ఇత్తడి కాలరు తగిలించినప్పుడు పైపు మర దగ్గరే చివికి, మోటారు తెగి బోరులో పడటం వెనుకా ఇలాంటి కారణమే ఉండొచ్చు. లోహానికి మార్సేయ్‌ అయితేనేం, మార్కాపురం అయితేనేం!

కొండలో ఇరుక్కున్న యంత్రం

బోరు ఎండిపోకుండా ఉండాలంటే పైన నీళ్లుండాలి. ఆ నీళ్లకోసమే వెలిగొండ. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరదనీటిని నల్లమల కింద నుంచి తేవాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఆలోచన. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు. వచ్చిన నీరు నిలవడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులకు కట్టలు కట్టి చేసిన నల్లమల సాగర్‌. వీటిలో సుంకేసుల పెద్దారవీడు మండలంలోనిదే.

సొరంగాలు తవ్వడానికి భారీ యంత్రాలు తెచ్చారు. ముందు గుండ్రటి తల, దానికి ఉక్కు చక్రాలు. రాతిని నలుపుతూ ముందుకెళ్లడం, వెనక కాంక్రీటు దిమ్మెలతో గోడ కట్టుకుంటూ పోవడం దాని పని. కానీ నల్లమల సామాన్యమైన కొండ కాదు. ఒకచోట ఉక్కును అరగదీసే క్వార్ట్‌జైట్‌ రాయి. మరోచోట పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి. బడిపిల్లల పలకలకు మార్కాపురాన్ని ప్రసిద్ధం చేసింది ఇలాంటి పలకరాయే! చితికిన పొరలు తగిలినచోట రాళ్లు, బురద, ఊటనీరు యంత్రం మీదికి జారాయి. అది ముందుకు పోలేదు. వెనక్కీ రాలేదు. ఎందుకంటే వెనక కట్టుకొచ్చిన గోడ దాని తలకంటే ఇరుకు.

చివరికి మిగిలిన పనిని మనుషులే డ్రిల్లింగు, పేలుళ్లతో చేశారు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయింది. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికీ సొరంగంలో చిక్కిన యంత్రాన్ని ముక్కలుగా తొలగించే పని, లైనింగు, నిర్వాసితుల పునరావాసం మిగిలే ఉన్నాయి. శంకుస్థాపన నాడు పలక పట్టుకుని బడికెళ్లిన పిల్లవాడు తండ్రయ్యాడు. ఆ ఏళ్లన్నీ అతని తండ్రి బోరు మోటారు చుట్టించుకుంటూనే గడిపాడు.

మన్నే సూత్రం

మరి మన్నినది ఈ ప్రాంతంలో ఏదీ లేదా? ఉంది. కంభం చెరువు! గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన కట్ట. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. శతాబ్దాలు దాటినా నీళ్లు ఆపుతూనే ఉంది. 2020లో అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

అది చెడిపోని వస్తువు కనుక మన్నలేదు. చెడితే బాగుచేసుకోగల వస్తువు కనుక మన్నింది. మన్ను, రాయి అక్కడివే. తూము దగ్గర కనిపెట్టుకుని ఉండే మనిషీ అక్కడివాడే.

బోరు మోటారుకూ అదే సూత్రం. కొనేటప్పుడు ఐఎస్‌ 8034 గుర్తు చూడాలి. బోరు ఇచ్చే నీటికి తగ్గ హార్స్‌పవరే తీసుకోవాలి. ఊట కంటే వేగంగా తోడే మోటారు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. ఫేజు పోయినా, నీరు తగ్గినా ఆపేసే రిలేలు స్టార్టరులో ఉండాలి. మోటారును బోరు అడుక్కంటా దించితే పూడిక పీల్చుకుంటుంది, కొంచెం పైన వేలాడదీయాలి. ఇంట్లో పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసి మోటారు దించిన తేదీ, ఎన్ని పైపులు, ఎన్ని ఆంపియర్లు అని రాయించండి. నెలనెలా ఆంపియర్లు పెరుగుతున్నాయంటే మోటారు ముందే చెబుతోందన్నమాట... నన్ను పైకి తీయమని.

నాలుగోరోజు మోటారు తిరిగొచ్చింది. పాతిక పైపులూ మళ్లీ దిగాయి. మీట నొక్కారు. మొదట గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రనీళ్లు. ఆ తర్వాత తెల్లటి ధార. రైతు దోసిలి పట్టి, నీళ్లు వంపేసి, అరచేతిని ఎండకు తిప్పి చూశాడు.

‘‘ఇసక లేదులేరా’’ అన్నాడు. పార భుజానేసుకుని చెట్ల వైపు నడిచాడు.